వార్ధకమున చేయూతయు స్వశక్తియు

డెబ్బదియైదేండ్లు నిండిన ఇద్దఱిలో ఒకరు వేకువనే లేచి, స్నానాదికములు ముగించుకొని, బజారునకు పోయి కూరలు బేరమాడి తెచ్చుకొనుచుండగా, మఱియొకరు మంచము దిగుటకే ఇంకొకరి చేయి కొఱకు ఎదురుచూచుచుండుట మనకు కొత్త కాదు. వైద్యుని చీటీలు తీసి చూచినచో ఇరువురికిని అవే మధుమేహము, అదే రక్తపుపోటు, అవే మోకాళ్ల నొప్పులు కనిపించవచ్చును. రోగముల పట్టిక ఒక్కటియై యుండగా బ్రతుకులు ఇంత వేఱగుటకు కారణమేమన్న ప్రశ్న ఇరువదవ శతాబ్ది మధ్యభాగము వఱకు వైద్యశాస్త్రమును అంతగా కలతపెట్టలేదు. ఏలయన నాటి వైద్యము రోగమును చూచెనే గాని, రోగి తన దినమును ఎట్లు గడుపుచున్నాడో చూడలేదు. ఆ ప్రశ్నను పట్టుకొని పోయినవారికి దొరికిన సమాధానములో కొంత కండరములలో ఉన్నది. కొంత ఇంటివారిలోను, ఇరుగుపొరుగులోను, స్నేహితులలోను ఉన్నది. ఈ రెండవ భాగమే మిక్కిలి చిక్కైనది. ఆప్యాయతతో చేసిన సహాయమే ఒక్కొక్కప్పుడు వృద్ధుని కాళ్లను కట్టివేయుచున్నదని చెప్పుటకు తగిన నిదర్శనములు కలవు.

అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున సిడ్నీ కట్జ్ అను వైద్యుడు, తుంటి ఎముక విరిగి ఆసుపత్రికి వచ్చిన వృద్ధులు కోలుకొనుట ఏ క్రమమున సాగుచున్నదో తన సహచరులతో కలిసి శ్రద్ధగా గమనించి, 1963లో ఒక కొలమానమును ప్రకటించెను. అందులో యంత్రములు లేవు, రక్తపరీక్షలు లేవు. స్నానము చేయుట, బట్టలు కట్టుకొనుట, మరుగుదొడ్డికి పోయి వచ్చుట, మంచముపై నుండి లేచి కుర్చీలోనికి మారుట, మలమూత్రములను నిగ్రహించుకొనుట, తన చేతితో తాను తినుట అను ఆరు పనులను మాత్రము తీసికొని, ఒక్కొక్కదానిని ఇంకొకరి సాయము లేక చేసికొనగలరా, లేదా అని అడుగుటయే ఆ పద్ధతి. ఇంత సామాన్యమైన ప్రశ్నలు శాస్త్రమెట్లగునని కొందఱికి తోచవచ్చును. కాని ఆ ఆరు పనులు శక్తి కోల్పోవునప్పుడును, తిరిగి పొందునప్పుడును ఒక క్రమమును పాటించుచున్నవని కట్జ్ గ్రహించెను: స్నానము వంటి సంకీర్ణమైన పని ముందుగా జాఱిపోవును, తినుట కడపటి వఱకు నిలుచును, కోలుకొనువానికి భోజనము మొదట చేతికి వచ్చును, స్నానము చివఱ వచ్చును. శిశువు తన పనులను తాను నేర్చుకొను క్రమమును ఇది పోలియున్నదని కూడ ఆయన గుర్తించెను.

ఈ ఆరింటితో దేహధారణము సాగును గాని సంసారము సాగదు. 1969లో ఫిలడెల్ఫియా నగరమున పావెల్ లాటన్, ఎలేన్ బ్రోడీ అను పరిశోధకులు టెలిఫోను వాడుట, అంగడి పనులు చూచుకొనుట, వంట, ఇంటిపని, బట్టలుతుకుట, ప్రయాణము, మందులు వేళకు వేసికొనుట, డబ్బు లెక్క చూచుకొనుట అను ఎనిమిదింటిని చేర్చి రెండవ కొలమానమును నిర్మించిరి. ఇందులో నన్ను ఆలోచింపజేసిన విషయమొకటి కలదు. ఆ పట్టికలో స్త్రీలకు ఎనిమిది పనులను లెక్కించి, పురుషులకు మాత్రము వంట, ఇంటిపని, బట్టలుతుకుట విడిచి అయిదింటిని లెక్కించిరి. ఎన్నడును చేయని పనిని చేయలేకపోవుట అశక్తత కాదని వారి తలంపు. కాని మన యిండ్లలో భార్య గతించిన వృద్ధుని చూడుడు. కాలు చేయి ఆడుచునే యుండును, కంటిచూపు బాగుగనే యుండును. అయినను కాఫీ కాచుకొనుట రాక, మందుల డబ్బా ఎక్కడ నున్నదో తెలియక, ఉదయము లేచినది మొదలు కోడలి రాక కొఱకు కూర్చుండవలసి వచ్చును. ఆయన పరాధీనత దేహమునకు సంబంధించినది కాదు. ఏబదియేండ్లుగా ఒకరు ఆయన కొఱకు చేసిపెట్టిన అలవాటునకు సంబంధించినది. సహాయము మనుష్యుని అశక్తునిగా చేయుట వార్ధకముతో ఆరంభమగుట లేదని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున ఈ రెండు కొలమానములతోను వృద్ధుల స్థితిని విస్తృతముగా పరిశీలించిన ప్రయత్నము 2017–18లో జరిగినది. నలుబదియైదేండ్లు పైబడిన డెబ్బదివేలకు మించిన జనులను ఇంటింటికి పోయి ప్రశ్నించిన ఆ పరిశీలనము ప్రకారము, అఱువదేండ్లు దాటినవారిలో సుమారు నాలుగవ వంతు మంది మొదటి పట్టికలోని ఏదో ఒక పనికి ఇబ్బంది పడుచున్నారు. రెండవ పట్టికలోని పనులకు ఇబ్బంది పడువారు దాదాపు సగము మంది. 2011 జనాభా లెక్కలనాటికే దేశమున అఱువదేండ్లు పైబడినవారు పదికోట్లకు మించియుండిరి గనుక, ఈ భిన్నములు ఎంత జనసమూహమును సూచించుచున్నవో పాఠకులే ఊహింపగలరు.

కండరముల మాట మొదట చూతము. కుర్చీలో నుండి లేచుటకు తొడముందు కండరములకు కొంత బలము కావలెను. యౌవనమున మనకున్న బలములో చిన్న భాగమే అందుకు వ్యయమగును గనుక మిగిలినదంతయు నిలువధనము వలె ఉండును. ఎనుబదియవ ఏట ఆ నిలువ తఱిగి, లేచుటకు కావలసిన బలమును ఉన్న బలమును దాదాపు సమానమగును. అట్టి స్థితిలో వారము పది దినములు జ్వరముతో పడకపై నున్నచో ఆ కొద్ది అంతరము కూడ చెల్లిపోయి, నిన్నటి వఱకు నడిచిన మనిషి నేడు లేవలేకపోవును. ఆరోగ్యవంతులైన వృద్ధులను పది దినములు పడకపై నుంచి పరీక్షించిన ఒక అధ్యయనమున, వారి కాళ్లలో సుమారు ఒక కిలోగ్రాము కండ కరగినట్లు 2007లో ప్రకటించిరి. ఇదంతయు వయస్సు చేసిన పని యని మనము సరిపెట్టుకొందుము గాని, నిజమునకు అందులో చాలభాగము పడక చేసిన పని.

ఇంగ్లండున మార్జరీ వారెన్ అను వైద్యురాలు ఈ సత్యమును ప్రయోగశాల లేకయే కనుగొనెను. 1935లో ఆమె పనిచేయుచున్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి ప్రక్కనున్న అనాథాలయపు వైద్యశాల అప్పగింపబడగా, అందులో 700కు పైగా దీర్ఘరోగులు, చాలమంది ఏండ్ల తరబడి మంచమునకే అంటిపెట్టుకొని, ఏమియు చికిత్స లేక పడియుండిరి. ఆమె ఒక్కొక్కరిని పరీక్షించి, లేవదీసి, నడిపించి, పనులు చేయించి, ఎందఱనో ఇండ్లకు పంపగలిగెను. వృద్ధుల వైద్యము ఒక ప్రత్యేకశాఖగా రూపొందుటకు ఆమె కృషియే పునాదియైనది. అర్ధశతాబ్ది తరువాత 1990లో, బోస్టనులోని ఒక వృద్ధాలయమున తొంబదియేండ్ల ప్రాయమున నున్న పదిమందికి ఎనిమిది వారములు బరువులెత్తు వ్యాయామము చేయించిన మరియా ఫియాటరోన్, ఆమె సహచరులు, తొడకండరముల బలము సగటున 174 శాతము పెరిగినదని ప్రకటించిరి. వారిలో ఇద్దఱు చేతికఱ్ఱను కూడ విడిచిపెట్టిరి. తొంబదియవ యేట కండ పెరుగునన్న మాటను మన వైద్యులు ప్రతి వృద్ధునికిని, అంతకంటె ముఖ్యముగా అతని సంతానమునకును చెప్పవలసియున్నది.

ఇక మనుష్యుల మాట. కాలిఫోర్నియాలోని అలమీడా మండలమున 1965లో పేర్లు వ్రాసికొన్న సుమారు 7,000 మంది వయోజనులను తొమ్మిదేండ్లు అనుసరించి చూచిన లిసా బెర్క్‌మన్, లియోనార్డ్ సైమ్ అనువారు, బంధుమిత్రసంబంధములు మిక్కిలి తక్కువగా నున్నవారు, ఎక్కువగా నున్నవారికంటె రెండింతలకు మించిన ప్రమాణమున మరణించినట్లు 1979లో చూపిరి. అటుపిమ్మట ఈ మార్గమున వెలువడిన 148 అధ్యయనములను, అనగా మూడు లక్షలకు మించిన జనుల వృత్తాంతమును, ఒకచోట చేర్చి 2010లో లెక్కకట్టినప్పుడు, దృఢమైన సాంఘికసంబంధములు కలవారికి బ్రతికియుండు అవకాశము ఏబది శాతము అధికమని తేలినది. స్నేహితుడు పిలిచినచో మనిషి నాలుగడుగులు నడచును. ఎదుట ఒకరు కూర్చున్నచో రెండు ముద్దలు ఎక్కువ తినును. మందు మఱచినచో గుర్తుచేయువారుందురు. మనస్సునకు కలిగిన తాపము మాటలలో వెడలిపోవుటచే దేహముపై దాని భారము తగ్గును. ఇంతవఱకు ఎవరికిని సందేహము లేదు. బ్రతుకుట వేఱు, తన పని తాను చేసికొనుచు బ్రతుకుట వేఱు. ఈ రెండవదానిని వేఱుగా కొలిచినప్పుడే చిక్కు బయటపడినది.

టెరెసా సీమన్ అను పరిశోధకురాలు, డెబ్బది మొదలు డెబ్బదితొమ్మిదేండ్ల వయస్సు గలిగి, దేహశక్తిలో తోటివారికంటె మెరుగుగా నున్న స్త్రీపురుషులను అమెరికాలో మూడు ప్రాంతములలో ఎన్నుకొని అనుసరించిన మహాపరిశీలనములో భాగస్వామిని. వారిలో ఓదార్పును, ఆదరమును, మనస్సు విప్పి మాటలాడుకొను భాగ్యమును ఎక్కువగా పొందినవారి దేహసామర్థ్యము మెరుగుగా నిలిచినది. కాని చేతిపనులలో సహాయము ఎక్కువగా పొందుచున్నామని చెప్పిన పురుషులకు, తరువాతి కాలమున కట్జ్ పట్టికలోని పనులలో అశక్తత కలుగు అవకాశము హెచ్చుగా కనిపించినట్లు 1996లో ఆమె ప్రకటించెను. న్యూహేవెన్ నగరపు వృద్ధులను ఏటేట పలుకరించిన మఱియొక పరిశీలనమున, స్నేహితులతోను దూరబంధువులతోను విస్తరించిన పరిచయములు అశక్తతను ఆపుటకును, అశక్తులైనవారు తిరిగి కోలుకొనుటకును తోడ్పడినవి. సంతానముతోడి సంబంధమునకు మాత్రము అట్టి ఫలము స్పష్టముగా కానరాలేదు. తల్లిదండ్రులను కంటికి రెప్పవలె కాచుకొనుచున్నామని సంతోషించు మనకు ఈ వార్త మింగుడుపడదు.

వెంటనే ఒక ఆక్షేపణము వచ్చును, అది న్యాయమైనది కూడ: నీరసించుచున్నవారికే సహాయము ఎక్కువగా అందును గదా, సహాయము నీరసమునకు కారణమనుట గుఱ్ఱమును బండి వెనుక కట్టుట కాదా? కేవలము చూచి లెక్కవ్రాసికొను పరిశీలనములు ఈ సందేహమును పూర్తిగా తీర్పజాలవు. తీర్చుటకు ప్రయోగము కావలెను. అట్టి ప్రయోగమును 1982లో జెర్రీ ఎవోర్న్, ఎలెన్ లాంగర్ అనువారు ప్రకటించిరి. వృద్ధాలయవాసులకు ముక్కలుగా కోసిన బొమ్మను తిరిగి కూర్చు పనినిచ్చి, కొందఱికి ప్రక్కన కూర్చుండి ముక్కలను చేతికందించి తామే అమర్చి చూపిరి. కొందఱికి ప్రక్కన కూర్చుండి ‘బాగున్నది, ఇంకను చేయుడు’ అని ప్రోత్సాహవాక్యములు మాత్రము పలికిరి. ఇంకను కొందఱిని వారి మానమున వారిని విడిచిరి. కొన్ని సమావేశముల పిమ్మట పరీక్షించినప్పుడు, ప్రోత్సాహము మాత్రమే పొందినవారు పనిలో మెరుగుపడిరి. చేతిసాయము పొందినవారు మునుపటికంటె దిగజారిరి. రెండు గుంపులకును తోడు ఒక్కటే, కాలము ఒక్కటే, ఆదరము ఒక్కటే. భేదమంతయు పనిని ఎవరి చేతులలో విడిచిరన్న దానియందే యున్నది.

ఇది నిత్యజీవితమున ఎట్లు జరుగునో జర్మనీలో మార్గరెట్ బాల్టెస్ ఎంతయో ఓర్పుతో గమనించెను. వృద్ధాలయములలో సేవకులును వృద్ధులును మెలగు తీరును క్షణక్షణము వ్రాసికొనగా ఆమెకు కనబడినదేమనగా, వృద్ధుడు తన చొక్కా తాను తొడుగుకొనుచున్నప్పుడు ఎవరును పలుకరింపరు. తొడుగుకొనలేక చేతులు చాచినవెంటనే ఒకరు పరుగున వచ్చి తొడిగి, రెండు మంచిమాటలు చెప్పి పోవుదురు. ఒంటరితనముతో నున్న ప్రాణి ఈ పాఠమును త్వరలోనే నేర్చుకొనును: చేయగలిగినచో ఏకాంతము, చేయలేనిచో సాంగత్యము. ఇందులో సేవకుని దోషము లేదు, వృద్ధుని మోసము లేదు. మన యిండ్లలోను ‘నువ్వు కూర్చో అమ్మా, నేను చూసుకుంటాను’ అన్న మాట ప్రేమతోనే పుట్టును. ఆ తల్లి ఆ దినము కూర్చుండును, మఱునాడు కూర్చుండును. కొన్ని నెలలకు ఆమె లేవలేదు.

సాయము పుచ్చుకొనుటలో ఇంత చిక్కుండగా, సాయము చేయుట మాటయేమి? అమెరికాలో 423 వృద్ధదంపతులను అయిదేండ్లు అనుసరించిన స్టెఫనీ బ్రౌన్, ఆమె సహచరులు 2003లో చూపినదేమనగా, ఇరుగుపొరుగునకును బంధువులకును ఏదో ఒక పని చేసిపెట్టువారిలోను, తమ భార్యాభర్తలకు మనోధైర్యము నిచ్చువారిలోను మరణములు తక్కువ. కేవలము సహాయము పొందుటవలన అట్టి మేలు కనిపింపలేదు. మనుమని బడికి దింపి వచ్చు తాతయు, ఆవకాయ పాళ్లు చూచి చెప్పు నాయనమ్మయు, వీధిలో ఎవరింట పెండ్లియైనను విస్తళ్లు లెక్కపెట్టు ముసలమ్మయు ఈ శాస్త్రమును చదువలేదు; తమవలన ఇంకను పని యున్నదన్న తెలివియే వారిని ప్రతి ఉదయమును మంచము దింపుచున్నది.

స్వతంత్రత దేహములో మాత్రము లేదు, పరిసరములలోను ఉన్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2001లో అంగీకరించిన వర్గీకరణము చెప్పుచున్నది. దీనికి మన తెలుగువారి జీవితములో కంటె స్పష్టమైన నిదర్శనము నాకు తోచుట లేదు. గుంటూరులోనో వరంగల్లులోనో రైతుబజారునకు తానే పోయి, బ్యాంకులో తన పని తాను చక్కబెట్టుకొని, సాయంకాలము గుడికి నడచివచ్చు అఱువదియెనిమిదేండ్ల యామె, కూతురి పురిటికని డల్లస్ నగరపు శివారునకు చేరినది మొదలు కారు నడుపువారు లేనిదే గడప దాటలేదు, దుకాణములో ఒక మాట అడుగలేదు, పగలెల్ల గొంతు విప్పి పలుకుటకు ఒక మనిషి లేదు. విమానము దిగిన దినమున ఆమె కండరము ఒక్క తులము కూడ తగ్గలేదు. అయినను లాటన్ పట్టికలో ఆమె సగము పనులను పోగొట్టుకొనెను. స్వగ్రామముననే యున్నవారికిని ఇట్టి మార్పు తప్పుట లేదు. వీధి అరుగులున్న యిల్లు పోయి మూడవ అంతస్తులో లిఫ్టు లేని వాటా వచ్చినచో, మోకాళ్లు అరిగిన మనిషికి స్నేహితులందఱును ఒక్కమాఱుగా దూరమగుదురు. నేలపై కూర్చుండి లేచు మరుగుదొడ్డి, జారు నేలగల స్నానాలయము, పట్టుకొనుటకు ఒక కమ్మి లేని గోడ, వేలిముద్రలు అరిగినవని పింఛనుదారుని గుర్తింపని యంత్రము, ఫోనులోనే సమస్తము చెల్లింపుమను అంగడి, ఇవన్నియు వృద్ధుని ప్రమేయము లేకయే అతనిని అశక్తునిగా చేయుచున్నవి. తెలంగాణమున 2014లో ఆరంభమైన ఆసరా పింఛను గాని, ఆంధ్రప్రదేశమున నెల మొదటి తేదీన గడప యొద్దనే అందించు పింఛను గాని, మొత్తము ఎంతయైనను, వృద్ధుని చేతిలో తన డబ్బును నిలుపుచున్నవి. తన కాఫీపొడి తాను కొనుక్కొనుట, మనుమరాలి చేతిలో పదిరూపాయలు పెట్టుట కూడ స్వతంత్రతయే.

అట్లని అన్ని సాయములను మానవలెనని నా మాటకు అర్థము చేసికొనుట తప్పు. పక్షవాతముతో పడియున్నవానికి సేవ కావలెను, ప్రబోధము కాదు. శక్తి కొలదిగా మిగిలినప్పుడు దానిని దేనిపై వ్యయము చేయవలెనో నిర్ణయించుకొను హక్కు కూడ స్వతంత్రతలో భాగమే యని బాల్టెస్ దంపతులు వాదించిరి. పియానో విద్వాంసుడైన ఆర్థర్ రూబిన్‌స్టైన్ వృద్ధాప్యమున కొద్ది కృతులనే ఎంచుకొని, వానినే ఎక్కువగా సాధనచేసి, వేగమైన భాగములకు ముందు నెమ్మదిగా వాయించి తరువాతి వేగమును ఎక్కువగా తోపించెడివాడని వారు ఉదాహరించిరి. స్నానమునకు ఒకరి సాయము పుచ్చుకొని, ఆ మిగిలిన ఓపికతో సాయంకాలము స్నేహితుల నడుమ కూర్చుండుటకు ఒక వృద్ధుడు ఇష్టపడినచో, ఆ ఎంపిక ఆయనదిగా ఉన్నంతకాలము, అందులో పరాధీనత లేదు.

చేసిపెట్టు సాయము ఇంతగా వ్యాపించుటకు ప్రేమయొక్కటే కారణము కాదు, కాలము ముఖ్యకారణము. చేతులు వణకు తండ్రికి చొక్కా బొత్తాములు పెట్టుట రెండు నిమిషముల పని. ఆయన పెట్టుకొనువఱకు ప్రక్కన నిలుచుట పావుగంట పని. బడికి పోవు పిల్లలు, ఉద్యోగమునకు పోవు దంపతులు గల యింట ఉదయము ఎనిమిది గంటలకు ఆ పావుగంట ఎవరి దగ్గఱనున్నది? అది ఎక్కువగా కోడలి మీదనో కూతురి మీదనో పడుచున్నది గనుక, ఆమెను నిందించు ధర్మోపన్యాసములవలన ప్రయోజనము లేదు. డెన్మార్కు దేశమున ఫ్రెడెరీషియా అను పట్టణము 2008 ప్రాంతమున ఈ కాలమునే ప్రభుత్వవ్యయముగా లెక్కించి చూచెను. ఇంటిపనికి సాయము కావలెనని వృద్ధుడు అర్జీ పెట్టుకొన్నప్పుడు, వెంటనే పనిమనిషిని పంపుటకు బదులు, శిక్షణ పొందిన ఉద్యోగిని పంపి, ఏ పనిని తిరిగి చేసికొనవలెనని ఆయనకే కోరిక యున్నదో అడిగి, కొన్ని వారములు ఆ పనిని అభ్యాసము చేయించిరి. ఫలము ఆశాజనకముగా తోచుటచే, 2015 మొదలు అట్టి అవకాశమును ముందుగా ఇవ్వవలెనని ఆ దేశపు శాసనమే విధించినది.

మన నగరములలో నేడు వృద్ధుల సేవకై మనుష్యులను కుదిర్చిపెట్టు సంస్థలు వీధివీధికి వెలయుచున్నవి. వచ్చు పడుచులు ఓర్పుగలవారే. కాని ఎత్తుట, తుడుచుట, తినిపించుట ఎంత శీఘ్రముగా చేసిన అంత నేర్పరులని వారికి చెప్పి పంపుచున్నారు, జీతము కూడ ఆ లెక్కననే ఇచ్చుచున్నారు. వారి శిక్షణలో కట్జ్ చెప్పిన ఆరు పనులను చేర్చి, మొదటి దినమున ఒక్కొక్కదానిలో ఆ వృద్ధుడు ఎంతవఱకు తానే చేయగలడో వ్రాసికొనుమనియు, నెల తిరిగిన పిమ్మట మఱల వ్రాసి ఇంటివారికి చూపుమనియు నియమించినచో, అందుకు కావలసినది ఒక కాగితము, ఒక కలము మాత్రమే. ఆ కాగితములో స్నానమునకు ఎదురుగా గత నెల ‘సాయము కావలెను’ అని యుండి, ఈ నెల ‘వీపు మాత్రము రుద్దవలెను’ అని వ్రాసిన పిల్లకు జీతము పెంచుట న్యాయము.